ప్లేటు అయిపోయిన చోట

పికప్ షెడ్డు ముందుకొచ్చి ఆగిన తీరు మేస్త్రికి నచ్చలేదు. బ్రేకు పడగానే క్యాబిన్ ఆగింది. ఒక్క క్షణం తర్వాత వెనక తొట్టి ఆగింది. ఒకే బండి రెండు విడతలుగా ఆగిందంటే అది ఏదో ఖర్చు కోసమే వచ్చిందని ఆయన ముప్పై ఏళ్ళ వెల్డింగ్ అనుభవం. ఎడం చేతిలోని రాడ్డు పక్కన పడేసి, నల్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని బయటికొచ్చాడు.

కూతురు డ్రైవరు సీట్లోంచి దిగి తలుపు వేసింది. పడలేదు. మళ్ళీ వేసింది. మూడోసారి భుజంతో నెడితే పడింది.

"నిన్నటి నుంచీ ఇంతే నాన్నా. ఎడమ తలుపు బానే పడుతుంది, ఇదే మొరాయిస్తోంది. గుంత వస్తే చాలు, నా వెనక ఎవరో బల్ల ఈడ్చినట్టు చప్పుడు."

"ఎంత లోడేశావ్?"

"రోజూ వేసేదే. టైల్స్ పెట్టెలు. ఒక్కటి ఎక్కువైనా నేనే దింపించేస్తా కదా. ఎన్నిసార్లు అడుగుతావ్ ఆ మాట?"

ఆయన క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య సందులో వేలు పెట్టి చూశాడు. పైన వేలు దూరడం లేదు. కింద రెండు వేళ్ళు దూరుతున్నాయి. గోనెపట్టా పరుచుకుని, టార్చి పట్టుకుని, వెల్లకిలా బండి కిందికి పాకాడు.

కింద ఆయనకి చిరునామా అక్కర్లేదు. ఈ బండి కొన్న వారానికే అడుగు చట్రానికి, అదే చాసిస్‌కి, గట్టిదనం కోసమని రెండు పక్కలా మూరెడు పొడుగు ప్లేట్లు తన చేత్తో అంటించాడు. గ్రైండర్‌తో నునుపు చేసి, కంపెనీ నలుపులోనే రంగు కొట్టాడు. ఇప్పుడు కుడి ప్లేటు మీద బొటనవేలి గోరు ఆనించి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. టార్చి అబద్ధం చెబుతుందేమో కానీ గోరు చెప్పదని ఆయన నమ్మకం. ప్లేటు పొడవునా గోరు జారిపోయింది. ప్లేటు అయిపోయింది. వెల్డింగ్ అయిపోయింది. ఆ పక్కనే, అర అంగుళం దాటకుండా, గోరు తట్టింది.

తుడిచి చూశాడు. చాసిస్ అడుగంచు నుంచి పుట్టి మూడు వేళ్ళ ఎత్తు పైకి పాకిన చీలిక.

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్పాలంటే ఆ మంట అడుగున కాస్త సంతోషం కూడా ఉంది. అడిగితే ఒప్పుకోడు కానీ, ఉంది. ఈ కాలం బళ్ళు రేకు డబ్బాలని ఆయన చెప్పని మనిషి లేడు. ఆ మాట ఇప్పుడు ఆయన ముక్కుకి జానెడు దూరంలో ఇనుము మీద రాసి ఉంది.

"చూశావా," అన్నాడు కింద నుంచే. "నా ప్లేటు ఉన్నంత మేరా చెక్కు చెదరలేదు. ఎక్కడ కంపెనీ వాడి రేకు మొదలైందో అక్కడే విరిగింది. ఏడాదిన్నరే అయింది కొని. పాత బళ్ళు ఇరవై ఏళ్ళు తోలితే సీటు గుడ్డ చిరిగేది, అంతే."

"పాత బళ్ళకి బ్రేకులు ఉండేవా?"

"ఇనుము ఉండేది."

"ఎదురుగా ఏదన్నా వచ్చి గుద్దితే బండి నలగాలి నాన్నా, మనిషి నలక్కూడదు. దానికే అలా చేస్తారు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" కూతురు గొంతులో విసుగుంది. ఈ వాదన వాళ్ళిద్దరి మధ్య చెప్పుల జతలా గుమ్మంలోనే ఉంటుంది, ఎవరు ముందొస్తే వాళ్ళు వేసుకుంటారు. "సరే, ఇప్పుడేం చేద్దాం? సొంత బండి వారంలోపు రోడ్డెక్కకపోతే నా డెలివరీ లైను ఇంకొకళ్ళకి ఇచ్చేస్తామని టైల్స్ షాపువాళ్ళు పొద్దున్నే చెప్పేశారు. నాకు ఈ బండి తప్ప ఏముంది?"

"వారంటీ ఉందిగా. కొత్త చాసిస్ వెయ్యమందాం. నేనొస్తా రేపు. నేను మాట్లాడతా."

టీ తెచ్చిన భార్య ఆ చివరి ముక్క విని గ్లాసు బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టింది. "మీరు మాట్లాడకుండా ఉంటే కొత్తదిస్తారేమో."

మేస్త్రి గ్లాసందుకుని గోడ వైపు తిరిగాడు. పనిముట్ల బీరువా మీద, చిన్న అద్దం పక్కన, పసుప్పచ్చ స్టిక్కరొకటి అంటించి ఉంది. 'ఈ చట్రానికి వెల్డింగ్ చేయరాదు' అని దాని మీద ఎర్ర అక్షరాలు. కూతురి బండి చాసిస్ మీదున్నదాన్ని ఆ రోజు చిరక్కుండా గీకి తీసి, వచ్చిపోయేవాళ్ళు చూసి నవ్వుకుంటారని ఇక్కడ అంటించాడు. జనం నవ్వారు కూడా. ఆ పక్కన గోడ మీద సుద్దముక్కతో వరసగా బండి నంబర్లు. ఆయన చేతి ప్లేట్లు పడిన పికప్‌లు. కూతురిది కాక ముప్పై ఒకటి. ఎడంచేతి మేస్త్రి ప్లేటు వేస్తే బండి రాయి అని ఈ బజారులో పేరు.

మర్నాడు కంపెనీ సర్వీసు సెంటరులో నేల ఎంత శుభ్రంగా ఉందంటే, చెప్పులు వదలాలా వద్దా అని మేస్త్రి గుమ్మంలో కాసేపు తచ్చాడాడు. ఆ తచ్చాటకే ఆయనకి సగం చిరాకొచ్చింది. హాలు మధ్యలో కొత్త పికప్ ఒకటి ఉత్తుత్తి బండరాళ్ళ మీద ముందు చక్రం ఎత్తి నిలబడింది. వెనక గోడంత బొమ్మలో అదే బండి ఏరు దాటుతోంది. ఆయన దగ్గరికెళ్ళి తలుపు రెక్క మీద వేలిముడితో కొట్టి చెవి పెట్టి విన్నాడు.

"ముట్టుకోకూడదు సార్," అన్నాడు కాపలా మనిషి.

"కొండలెక్కుతుందని రాశారు, నా వేలికి ఏమవుతుందయ్యా?"

"నాన్నా, వచ్చి కూర్చో," అంది కూతురు పళ్ళ బిగువున.

చేతికొచ్చిన చీటీ మీద నలభై ఏడు ఉంది. గోడ మీద తెర పన్నెండు దగ్గర ఆగింది. పన్నెండు పదమూడయ్యేసరికి మేస్త్రి అక్కడున్న నాలుగు కుర్చీలూ మారి చూశాడు. టీ యంత్రం మీట నొక్కితే వేడినీళ్ళొచ్చాయి, రెండోసారి నొక్కితే పొడి వచ్చింది. మూడోసారి నొక్కబోతే కూతురు చెయ్యి పట్టుకుంది. మధ్యాహ్నం దాటాక టై కట్టుకున్నాయన పలకలాంటి కంప్యూటరు పట్టుకుని వాళ్ళ దగ్గరికొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, నవ్వు మాత్రం పొద్దున్నే ఇస్త్రీ చేసి పెట్టుకున్నట్టుంది.

మేస్త్రి మొదలుపెట్టాడు. రేకు మందం దగ్గర మొదలై, పాత బళ్ళ కమాన్ కట్టల మీదుగా, కంపెనీల దురాశ దాకా వెళ్ళాడు. టై ఆయన ప్రతి వాక్యానికీ "నోట్ చేసుకున్నా సార్" అంటున్నాడు. వేలు మాత్రం కదలడం లేదు.

"ఓవర్‌లోడ్ ఏమైనా..."

"ఇవిగోండి," అంది కూతురు, సంచీలోంచి కట్ట తీసి. ఏడాదిన్నరగా ప్రతి లోడుకీ తూకం చీటీలు, నెల నెలకీ రబ్బరు బ్యాండు. టై ఆయన నవ్వు కాస్త నలిగింది. ఇలాంటి మనుషులు కూడా ఉంటారని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

"బయట ఏమైనా పని చేయించారా మేడమ్, బండికి?"

కూతురు నోరు తెరిచేలోపు మేస్త్రి అందుకున్నాడు. "బయట చేయించుకునే ఖర్మ మాకేంటండీ?"

టై ఆయన 'లేదు' అని నొక్కాడు. కూతురు తండ్రి వంక చూసింది. ఆయన ఉత్తుత్తి బండరాళ్ళ వంక చూశాడు. ఆయన మనసులో అది అబద్ధం కాదు. సొంత షెడ్డులో సొంత కూతురి బండికి సొంత చేత్తో చేసిన పని బయటిదెలా అవుతుంది?

టై ఆయన బయటికెళ్ళి, వంగి వాళ్ళ బండి కిందికి ఒకసారి తొంగిచూసి, "ప్లేట్లున్నాయి. అయితే ఫ్యాక్టరీలోనే ప్లేట్లు వేసే భారీ రకం," అనుకుంటూ అదీ నొక్కాడు. "పై ఆఫీసు నుంచి ఇంజనీరు మేడమ్ ఎల్లుండి వస్తారు. ఆవిడ చూసి సంతకం పెట్టాలి. బండి ఇక్కడే ఉంచండి."

మధ్యలో ఆ ఒక్కరోజు గడవడం కష్టమైంది. కూతురు అద్దెబండి మాట్లాడుకుని పోయింది. దాని హారన్ తప్ప అన్నీ మోగుతున్నాయని మధ్యాహ్నం ఫోన్ చేసి తండ్రి మీద అరిచింది, ఆ బండిని ఆయనే తయారుచేసినట్టు. సాయంత్రం కోడిగుడ్ల ఆయన మడ్‌గార్డు ఊగుతోందని వచ్చాడు. ఆయన పికప్ నంబరు గోడ మీద మొట్టమొదటిది. ముందు సీట్లో ఆయన తల్లి, ఒళ్ళో చేతిసంచీ, పొద్దున్నుంచీ కొడుకుతో పాటు అంగళ్ళన్నీ తిరిగిన అలసటతో కునుకు తీస్తోంది.

"మేస్త్రీ, మీరు ప్లేటు వేశాక రాయి అనుకోండి," అన్నాడు గుడ్ల ఆయన. "అమ్మ ఇదివరకు బండెక్కితే తలుపు పిడి వదిలేది కాదు. ఇప్పుడు చూడండి, ఎలా నిద్రపోతోందో."

"కంపెనీ వాడిని నమ్ముకుంటే అంతే సంగతులు. మా అమ్మాయి బండి చూడు, నేను వెయ్యని చోటే విరిగింది." మేస్త్రి మడ్‌గార్డు బోల్టు బిగిస్తూ ఆ కథంతా చెప్పాడు. చెబుతుంటే మనసు తేలికపడింది.

చెప్పినట్టే ఆ మర్నాడు వచ్చిన ఇంజనీరు మేడమ్‌ని చూసి మేస్త్రి సిద్ధం చేసుకున్న మాటల్లో సగం మరిచిపోయాడు. ఆవిడకి జుట్టు నెరిసింది. కోటు చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి, గోళ్ళ సందుల్లో నలుపుంది. కుశలప్రశ్నలు లేవు. నేరుగా బండి దగ్గరికెళ్ళి, చక్రాల పలక మీద పడుకుని, కిందికి జారిపోయింది. రెండు నిమిషాలాగి కింద నుంచి గొంతు వినపడింది.

"వెల్డింగ్ మేస్త్రి వచ్చారన్నారు, మీరేనా? ఇంకో పలకుంది, రండి. నిలబడి వాదిస్తే ఏం కనపడుతుంది?"

కంపెనీ మనిషి తనని బండి కిందికి పిలుస్తుందని మేస్త్రి కలలో కూడా అనుకోలేదు. పక్కనే పడుకుని జారాడు. ఆవిడ టార్చి పట్టుకుని, బొటనవేలి గోటితో ప్లేటు వెంబడి గీసుకుంటూ పోతోంది. గోరు తట్టిన చోట ఆపింది.

"లోడు వల్ల కాదిది," అంది. "మీ అమ్మాయి చీటీలు చూశాను. ఆ మనిషిని నాకిస్తే మా స్టోరు అప్పగిస్తాను. తప్పు మాదే."

తప్పు మాదే అన్న ఆ ముక్క ఒక కంపెనీ నోట వినాలని మేస్త్రి ఎన్నేళ్ళుగా అనుకుంటున్నాడో. విన్నాక ఏం చెయ్యాలో ఎప్పుడూ అనుకోలేదు.

"చెప్పానా మేడమ్, రేకు పలచన..."

"పలచనే. కానీ మీ పాత ఇనుము కంటే రెండింతలు బరువు లాగుతుంది. దాని బలం మందంలో లేదు. తయారుచేసేటప్పుడు లెక్కగా కాల్చి, లెక్కగా చల్లారుస్తారు, దాన్లో ఉంది. మళ్ళీ నిప్పు చూపించారా, ఆ మేరకి పోయినట్టే. ఇస్త్రీపెట్టె కాస్త ఎక్కువసేపు ఆనిస్తే గుడ్డ ఎలా ఉంటుంది? చూడ్డానికి గుడ్డే. లాగితే అక్కడే చిరుగుతుంది." టార్చి చీలిక మీద నిలిపింది. "ఈ భారీ రకంలో ప్లేటు బోల్టులతో బిగించాలి. మా ఫ్యాక్టరీలో ఎవడో మహా తెలివైనవాడు వెల్డింగ్ పెట్టించాడు. అందులోనూ ప్లేటు చివర నిలువుగా కోసి, ఆ కొసన అడ్డంగా అంటించాడు. ఒకవైపు ప్లేటు వంగనివ్వదు, పక్కన కాలిన ఇనుము వంగలేదు. ఏడాది ఊగితే ఏమవుతుంది? ఇదే అవుతుంది. ప్లేటే లేకపోతే ఈ బండి పదేళ్ళు తిరిగేది."

మేస్త్రి ఆ నల్లటి గీత వంక చూశాడు. మూడు రోజుల కిందట చూసిన గీతే. ప్లేటు ఉన్నంత మేరా బాగుంది, అయిపోయిన చోట విరిగింది. ఒక్క ముక్క కూడా మారలేదు. చదివే వైపు మారింది, అంతే.

"మీకు కొత్త చాసిస్ ఇప్పించేస్తాను, నాలుగు రోజుల్లో బండి తీసుకెళ్ళండి," అంటోంది ఆవిడ. "నా తలనొప్పి ఇది కాదు. ఇలాంటివి ఇంకెన్ని రోడ్డు మీద తిరుగుతున్నాయో. అన్నీ ఆపించాలి. ఈ చీలిక చెప్పి రాదు. నిండు లోడుతో మలుపు తిరిగేటప్పుడు బండి నడుముకి విరుగుతుంది. లోపల ఎవరు కూర్చుంటే వాళ్ళ ఖర్మ."

బండి కింద నుంచి మేస్త్రికి కూతురి బూట్లు కనపడుతున్నాయి. మడమలు ఎత్తి నిలబడింది, మాటలన్నీ వింటోంది. ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడైంది. కొత్త చాసిస్ అన్న మాటకి వదిలిన ఊపిరది. ఆ ఊపిరి విన్నాక నోరు విప్పడం ఆయనకి మరీ కష్టమైంది.

"మేడమ్," అన్నాడు. "ఈ ప్లేటు మీ ఫ్యాక్టరీలో వెయ్యలేదు. నేను వేశా."

ఆవిడ నవ్వింది. "ఊరుకోండి. ఇది మర వేసిన వెల్డింగ్. ఇంత సమంగా చేత్తో ఎవరు వేస్తారు?"

"లోపలి వైపు గ్రైండర్ పట్టలేదు, అక్కడ చూడండి. వెల్డింగ్ మీది అలలు కుడి నుంచి ఎడమకి పోయుంటాయి. నాది ఎడం చెయ్యి."

ఆవిడ టార్చి లోపలికి తిప్పి చాలాసేపు చూసింది. తర్వాత టార్చి ఆర్పేసింది. చీకట్లో ఇద్దరూ పక్కపక్కన వెల్లకిలా పడుకుని ఉన్నారు.

"ఇంకెన్ని బళ్ళకి వేశారు?"

"ముప్పై ఒకటి."

"వారంటీ ఇక కుదరదు. చట్రం మార్చుకోవాలంటే ఖర్చు మీదే. తెలుసుగా?"

"తెలుసు."

ఆవిడ బయటికి జారబోయి ఆగింది. "వెల్డింగ్ మాత్రం ఎక్కడా వదల్లేదు. ఈ పాతికేళ్ళలో ఇంత మంచిది చూళ్ళేదు." ఆవిడ మంచి మనసుతోనే అంది. మేస్త్రి జీవితంలో విన్న మెప్పుల్లో అంత బాధ పెట్టింది ఇంకోటి లేదు.

బయటికి రాబోతే మోకాలు పట్టేసింది. కూతురు చెయ్యి అందించలేదు. టై ఆయన అందించాడు.

బస్సులో నాలుగు స్టాపులు దాటేదాకా కూతురు కిటికీ వైపే తిరిగి కూర్చుంది. ఐదో స్టాపులో ఇటు తిరిగింది.

"ఆవిడ సంతకం పెట్టేదాకా ఆగలేకపోయావా నాన్నా? బండి తెచ్చుకున్నాక ఆ ముప్పై ఒక్కళ్ళకీ ఫోన్ చేసేవాళ్ళం. ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. నా లైను పోయేది కాదు."

"చేసేవాణ్ణి కాదు," అన్నాడు మేస్త్రి.

"అంటే?"

"సంతకం పడ్డాక ఫ్యాక్టరీ వాడిదే తప్పని నేనూ నమ్మేసేవాణ్ణి. బజారంతా చెప్పుకు తిరిగేవాణ్ణి. నా సంగతి నాకు తెలీదా?"

ఆమె ఆయన ముఖం వంక చూసింది. తండ్రి తన గురించి తాను ఇంత చెడ్డ మాట చెప్పగా ఎప్పుడూ వినలేదు. కోపం పోలేదు. కానీ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

"ఆ స్టిక్కర్ గీకుతుంటే టార్చి పట్టింది నేనే," అంది చివరికి, విసుగ్గా. "చదివాను కూడా. నీతో ఎవడు వాదిస్తాడులే అని ఊరుకున్నా."

షెడ్డుకి రాగానే మేస్త్రి చొక్కా కూడా మార్చకుండా గోడ ముందు నిలబడ్డాడు. భార్య వచ్చి ఇద్దరి ముఖాలూ చూసి, ఏమీ అడక్కుండా, మంచినీళ్ళు పెట్టి వెళ్ళింది. మొదటి నంబరు బండి ఆయనకి ఫోన్ చేశాడు.

"బండెక్కడుంది?"

"మార్కెట్లో. ఏం మేస్త్రీ?"

"గుడ్లు అక్కడే దింపేసి ఖాళీగా రా. మెల్లగా రా. గుంతలు చూసుకో."

గుడ్ల ఆయన అరగంటలో వచ్చాడు. సంగతంతా విన్నాడు. "నావి గుడ్లు మేస్త్రీ," అన్నాడు నెమ్మదిగా. "నా బండికి బరువేముందని? వద్దన్నా మీరే కదా వెయ్యాలని పట్టుబట్టింది."

"నేనే."

గుడ్ల ఆయన పక్కకి తప్పుకున్నాడు. మేస్త్రి గోనెపట్టా పరుచుకుని కిందికి పాకాడు. కుడి ప్లేటు మీద గోరు ఆనించి జరిపాడు. జారింది. ప్లేటు అయిపోయింది. వెల్డింగ్ అయిపోయింది. ఆ పక్కన కూడా గోరు జారిపోయింది. ఊపిరి పీల్చుకుని ఎడమ పక్కకి జరిగాడు. ప్లేటు పొడవునా జారింది. చివర దాటాక, అర అంగుళం లోపు, గోరు తట్టింది. తుడిచాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తట్టింది.

బయటికొచ్చి లేచి నిలబడ్డాడు. ముందు సీట్లో గుడ్ల ఆయన తల్లి అప్పుడే కునుకులోంచి లేచి అద్దం దించింది.

"ఏం నాయనా, గట్టిగానే ఉందా?"

"లేదమ్మా," అన్నాడు మేస్త్రి. తలుపు తీసి, నలుపంటిన ఎడం చేతిని ప్యాంటుకి తుడుచుకుని, ఆమె పట్టుకోవడానికి చాపాడు. "దిగండి."

ఆమె చేతిసంచీ సర్దుకుని ఆ చెయ్యి ఆసరాగా దిగుతోంది. వెనక గోడ దగ్గర కూతురు రెండో నంబరు బండివాళ్ళకి ఫోన్ చేసి, అవతల ఎత్తడం కోసం ఎదురుచూస్తోంది.